సరిదిద్దగల వంకర, సరిదిద్దలేని వంకర: విశాఖలో పాత ఫోర్‌వీల్ బండి ఎంచుకోవడం

మా చిన్నాన్న కొడుకు ఫోర్‌వీల్ బండి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందించగల బండి, కావాలని పాత థార్ కొనాలనుకున్నప్పుడు ఒకే వారంలో రెండు బండ్లు చూశాం. రెండూ 2015 నాటి సీఆర్‌డీఈలే (పాత థార్‌లో ఒక డీజిల్ రకం), ధర కూడా దాదాపు ఒకటే. గాజువాకలో చూసినది పాలిష్ పెట్టి మెరుస్తోంది. స్టీరింగ్ మీద చేయి తీసినా సూటిగా పోతోంది. అమ్మే ఆయన ముందురోజే అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించి, అంకెలన్నీ ఆకుపచ్చగా ఉన్న రిపోర్టు మా చేతిలో పెట్టాడు. ఎంవీపీ కాలనీలో చూసిన రెండోది ఎడమకు లాగుతోంది. స్టీరింగ్ చక్రం కాస్త పక్కకు తిరిగి ఉంది, ముందు టైర్లు రంపపు పళ్ళలా అరిగాయి. మావాడు మొదటిదానికి ఆ పూటే బయానా ఇచ్చేస్తానన్నాడు. నేను ఆపాను. నాలుగు రోజుల తర్వాత రెండో బండి కొన్నాం.

మొదటి బండి కిందకు దూరి టార్చిలైటు వేస్తే ఎడమ టై రాడ్‌కు (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) లాక్ నట్టు బయట 12 మర చుట్లు కనిపించాయి. కుడివైపు ఐదే. ఎడమ నట్టు అంచున పానా జారిన గీత అప్పుడే గీసినట్టు తెల్లగా ఉంది. టేపు తెప్పించి ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్యకు రెండువైపులా కొలిచాను. ఈ థార్‌కు కంపెనీ చెప్పే వీల్‌బేస్ 2430 మిల్లీమీటర్లు. కుడివైపు సరిగ్గా అంతే వచ్చింది, ఎడమవైపు 18 మిల్లీమీటర్లు తగ్గింది. ఆ చక్రం ఎప్పుడో దేనినో గట్టిగా గుద్దుకుని వెనక్కి జరిగిందన్నమాట. వంగిన ఇనుమును అలాగే ఉంచి, టై రాడ్ తిప్పి, బండి సూటిగా నడిచేలా సర్దారు. రిపోర్టులో అంకెలు నిజమైనవే, కాని అవి సర్దిన తర్వాతి అంకెలు. రెండో బండిలో మర చుట్లు రెండువైపులా సమానం, వీల్‌బేస్ సమానం. ఒక టై రాడ్ ఎండ్ (ఆ కడ్డీ కొసన ఉండే కీలు) అరిగి టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, పాడైంది, అంతే. ఆ ఎండ్ మార్చి, ముందు టైర్లు రెండూ వేసి, అలైన్‌మెంట్ చేయిస్తే సూటిగా నడిచింది.

అలైన్‌మెంట్ పాడైన పాత బండ్లలో ఈ రెండు రకాలు ఉంటాయి. నట్టు తిప్పితేనో, అరిగిన చిన్న భాగం మారిస్తేనో సరయ్యేది ఒకటి. ఇనుము వంగిపోగా ఆ వంకరను నట్టుతో కప్పిపెట్టినది ఇంకొకటి. మొదటిదాన్ని బేరమాడి నిశ్చింతగా కొనవచ్చు. రెండోదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దని నా సలహా. సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూసి ఊరుకోడు, పది అడుగులు నడిపించి కాళ్ళ పొందిక చూస్తాడు. ఇక్కడా అదే పని చేయాలి.

మన ఊళ్ళో ఈ జాగ్రత్త మరికాస్త ఎక్కువ అవసరం. విశాఖలోని ఫోర్‌వీల్ బండ్లు వారాంతాల్లో ఎక్కడికి పోతాయో అందరికీ తెలిసినదే. పాడేరు మీదుగా వంజంగి, నర్సీపట్నం మీదుగా లంబసింగి, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు. తెల్లవారకముందే మేఘాలు చూడాలని రాళ్ళ బాటలో ఎక్కించిన బండికి చక్రాలను పట్టి ఉంచే కింది చేతులు, టై రాడ్లు దెబ్బ తింటాయి. పైనుంచి చూస్తే బాడీ మీద చిన్న గీత కూడా ఉండదు. ఇక సముద్రం సంగతి. ఉప్పుగాలికి అలైన్‌మెంట్ బోల్టులు బుష్ (కీలు దగ్గరి రబ్బరు తొడుగు) లోపలి ఇనుప గొట్టంలో తుప్పు పట్టి అతుక్కుపోతాయి. అలాంటి బండికి కేంబర్ (చక్రం పక్కకు వాలే కోణం) సరిచేయవచ్చని కాగితం మీద ఉంటుంది, మేస్త్రి పానా పెడితే బోల్టు కదలదు. కోసి తీసి, బోల్టు, బుష్, ఒక్కోసారి మొత్తం చేయి మార్చాల్సి వస్తుంది. భీమిలి వైపు ఇసుకలోకి దింపి అలల అంచున నడిపిన బండైతే ఈ బెడద ఇంకా ముందే వస్తుంది. అందుకే సముద్రానికి దగ్గరగా ఆరుబయట నిలిపిన బండిలో నేను మొదట చూసేది ఆ బోల్టు తలలనే.

మూడు కోణాలు

ఇవి తెలియకపోతే రిపోర్టు చదవలేం కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మీద నుంచి చూసినప్పుడు ముందు చక్రాలు రెండూ లోపలికి గాని బయటికి గాని తిరిగి ఉండటం టో. నిలబడిన మనిషి కాలివేళ్ళు లోపలికో బయటికో తిరిగి ఉన్నట్టన్నమాట. ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం కేంబర్. చక్రం ఏ అక్షం మీద ఎడమకూ కుడికీ తిరుగుతుందో ఆ అక్షం, పక్క నుంచి చూస్తే, వెనక్కి వాలి ఉండటం కాస్టర్. సైకిలు ముందు ఫోర్కు వాలు లాంటిదే ఇది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నడిమికి రావడంలో ముఖ్యమైన పాత్ర కాస్టర్‌దే.

టైర్లను త్వరగా తినేది టో. టైరును ఒక అంచున అరగదీసేది కేంబర్. కాస్టర్ టైరును పెద్దగా అరగదీయదు, కాని రెండువైపులా తేడా ఉంటే బండి పక్కకు లాగుతుంది, తక్కువ కాస్టర్ ఉన్న వైపుకు.

జిప్సీ, పాత థార్, కొత్త థార్, జిమ్నీ

సెకండ్ హ్యాండ్‌లో మనవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఈ నాలుగే. ముందు ఇరుసు ఎలాంటిదన్న దాన్ని బట్టి వీటిలో చూడాల్సినవి పూర్తిగా మారిపోతాయి.

జిప్సీకి ముందూ వెనకా ఒకే దుంగలాంటి గట్టి ఇరుసు, నాలుగు మూలలా కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు). ముందు చక్రాల్లో మామూలుగా సర్దగలిగింది టో ఒక్కటే. కేంబర్ ఇరుసుతోనే వస్తుంది. యంత్రం మీద ఒకవైపు కేంబర్ తేడాగా వచ్చిందంటే ఇరుసు హౌసింగ్ వంగి ఉండాలి, లేదా కింగ్ పిన్ (ముందు చక్రం ఎడమకూ కుడికీ తిరిగే పిన్ను) బేరింగులో గాని చక్రం బేరింగులో గాని ఆట, అంటే వదులు, వచ్చి ఉండాలి. బేరింగైతే మార్పించుకోవచ్చు. హౌసింగ్ వంగితే ఆ బండిని వదిలేయండి. జిప్సీలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇంకొకటి ఉంది, కమాను కట్ట నడిమి బోల్టు. పట్టాలన్నిటినీ కలిపి కట్టే ఆ బోల్టు తలే ఇరుసును దాని చోట కూర్చోబెడుతుంది. అది విరిగితే యూ బోల్టులు పట్టి ఉంచినా ఇరుసు మెల్లగా ఒకవైపు జారుతుంది. బండి ముందుకు పోతూనే వెనక భాగం పక్కకు తిరిగినట్టు, కుక్క పరుగెత్తినట్టు నడుస్తుంది. ముందు చక్రాలకు ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా ఇది పోదు. జిప్సీకి వీల్‌బేస్ 2375 మిల్లీమీటర్లు. కొనే ముందు రెండువైపులా టేపు పెట్టాల్సిందే. తయారీ ఆగిపోయి ఏళ్ళు గడిచాయి కనుక పదిహేనేళ్ళు నిండిన జిప్సీలే ఎక్కువ దొరుకుతాయి. రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకు పొడిగించారో లేదో ఆర్సీలో చూడండి.

పాత థార్ సీఆర్‌డీఈ 2010 నుంచి 2020 వరకు వచ్చింది. దీనికి ముందు చక్రాలు విడివిడిగా ఆడతాయి, స్ప్రింగుకు బదులు టార్షన్ బార్ (మెలి తిరుగుతూ స్ప్రింగు పని చేసే కడ్డీ) ఉంటుంది. వెనక మాత్రం గట్టి ఇరుసు, కమాను కట్టలు. నా లెక్కలో ఈ నాలుగింటిలో ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. టార్షన్ బార్ బోల్టు బిగిస్తే బండి ముందుభాగం పైకి లేస్తుంది, ఒక్క రూపాయి భాగం కొనకుండానే ఎత్తు పెరుగుతుంది కాబట్టి చాలామంది ఈ పని చేస్తారు. దానితో టో, కేంబర్ రెండూ మారిపోతాయి, బాల్ జాయింట్లు (చేతులకూ చక్రానికీ మధ్య గుండ్రటి కీళ్ళు) తమ వాలు చివరి దాకా పోతాయి, ముందు యాక్సిల్ షాఫ్టు రబ్బరు బూట్లు ఎక్కువ కోణంలో మడత పడి చినుగుతాయి. ముందుభాగం వెనకకన్నా ఎత్తుగా కనిపించే సీఆర్‌డీఈని చూస్తే, ముందు టార్షన్ బార్ సర్దే బోల్టులు ఎంతవరకు బిగించారో చూడండి. బోల్టులు రెండువైపులా ఒకే ఎత్తున లేకపోతే ఆ బండి ఏదో ఒక వైపు కుంగిందని, దాన్ని బిగించి పైకి లేపారని అనుమానించాలి.

2020 అక్టోబరులో వచ్చిన కొత్త థార్‌కు ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రానికి పైనొకటి, కిందొకటి చేతులు), కాయిల్ స్ప్రింగులు, వెనక లింకులతో పట్టిన గట్టి ఇరుసు. హైవే మీద నడక పాతదానికన్నా ఎంతో కుదురు. వీల్‌బేస్ 2450 మిల్లీమీటర్లు. దీని మీద అనుమానం ఎక్కువగా టైర్లు, రిమ్ముల దగ్గర మొదలవుతుంది. వెడల్పు టైర్లు వేసి, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములో, రిమ్మును బయటికి జరిపే స్పేసర్లో పెట్టినవి ఊళ్ళో బోలెడు కనిపిస్తాయి. కోణాలన్నీ సరిగ్గా ఉన్నా అలాంటి బండి గుంతలో పడినప్పుడల్లా స్టీరింగ్‌ను చేతిలోంచి లాక్కుంటుంది, బేరింగులు, బాల్ జాయింట్లు త్వరగా పోతాయి. పాత కంపెనీ రిమ్ములు కూడా ఇస్తానంటేనే అలాంటి బండి గురించి ఆలోచించండి.

జిమ్నీ మన దేశంలో 2023 జూన్‌లో విడుదలైంది. ముందూ వెనకా గట్టి ఇరుసులే అయినా కమాను కట్టల బదులు కాయిల్ స్ప్రింగులు, లింకు చేతులు ఉంటాయి. వీల్‌బేస్ 2590 మిల్లీమీటర్లు. జిప్సీలాగే ఇందులోనూ టో ఒక్కటే సులువుగా సర్దగలిగేది. మార్పులేవీ చేయని జిమ్నీ తనిఖీకి అన్నిటికన్నా సుఖమైన బండి, దాచడానికి చోట్లు తక్కువ. ఎత్తు పెంచే కిట్ వేస్తే మాత్రం ముందు ఇరుసు ముందుకు తిరిగి కాస్టర్ తగ్గిపోతుంది. అప్పుడు హైవే మీద స్టీరింగ్ తేలిపోయినట్టుంటుంది, నడిమికి రావడానికి బద్ధకిస్తుంది. కాస్టర్‌ను తిరిగి తెచ్చే బుష్‌లు కూడా వేశారా అని అడగండి. వేసి ఉంటే ఆ యజమాని పని తెలిసి చేయించాడని నమ్మవచ్చు.

గట్టి ఇరుసు ఉన్న ఏ బండిలోనైనా, గుంత దాటగానే స్టీరింగ్ ఎడాపెడా ఊగిపోయి బండి ఆపితే తప్ప ఆగని జబ్బు రావచ్చు. ఇది కనిపించిన వెంటనే అలైన్‌మెంట్ చేయించమంటారు, చేయించినా పోదు. కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, జిమ్నీలోనైతే ఇరుసును పక్కకు జరగకుండా పట్టే అడ్డ రాడ్డు బుష్‌లు, టైర్ల బ్యాలెన్సు, వీటిలో ఏదో వదులైంది. స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ ఊపును అణిచే షాక్ అబ్జార్బరు లాంటిది) కొత్తది వేసి ఆ ఊపును తాత్కాలికంగా అణిచి అమ్మేవాళ్ళున్నారు. పాత బండి అడుగున ఒక్క డాంపర్ మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఎందుకు మార్చారో అడగండి.

అరచెయ్యి, టేపు, రోడ్డు, జాకీ, యంత్రం

తనిఖీకి అయిదు దారులున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో విషయం చెబుతుంది, ఒక్కోచోట తప్పుదారీ పట్టిస్తుంది. ఖర్చు లేనివి ముందు చేసి, వాటిలో నెగ్గిన బండినే యంత్రం దగ్గరకు తీసుకెళ్ళండి.

టైరు మీద అరచెయ్యి పెట్టి బయటి అంచు నుంచి లోపలికి, మళ్ళీ లోపలి నుంచి బయటికి రాయండి. ఒక దిశలో నున్నగా, రెండో దిశలో గీరుకున్నట్టు ఉంటే టో చాలా రోజులుగా తప్పి ఉంది. ఒక్క చక్రానికే ఒక అంచు అరిగితే కేంబర్‌ను అనుమానించండి. రెండు ముందు టైర్లూ బయటి అంచున సమానంగా అరిగితే తొందరపడవద్దు. ఘాట్ మలుపుల్లో వేగంగా తిప్పే బండికి అలా అరగడం మామూలే, అరకు తరచు వెళ్ళిన బండ్లలో చూస్తుంటాను. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువ పెట్టి నడిపారు. అక్కడక్కడ గుంతలు పడినట్టు అరిగితే షాక్ అబ్జార్బర్లు చూడాలి.

అమ్మకానికి ముందు నాలుగు టైర్లూ కొత్తవి వేస్తే ఈ పుస్తకం మూసుకుపోతుంది. అప్పుడు వెనక తలుపు మీది స్టెప్నీ చూడండి, పాత సెట్టులోది అక్కడ మిగిలి ఉండవచ్చు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2322 అంటే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఇరవై వేల కిలోమీటర్లు కూడా తిరగని బండికి నాలుగు టైర్లూ అమ్మే నెలలో మార్చారంటే కారణం అడిగి తెలుసుకోవాలి. పాత టైర్లు ఎక్కడున్నాయో చూపించమనడంలో మొహమాటం అక్కర్లేదు.

టేపు పని ఇందాక చెప్పాను. చదునైన నేల, సూటిగా ఉంచిన స్టీరింగ్, రెండువైపులా వీల్‌బేస్. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా వస్తే కొలతలో పొరపాటు అనుకుని మళ్ళీ కొలవండి. సెంటీమీటరు దాటితే కొలత తప్పు కాదు. టై రాడ్ల మర చుట్లు లెక్కపెట్టండి. స్టీరింగ్‌ను నడిమి నుంచి ఎడమ చివరికి, కుడి చివరికి తిప్పి ఎన్ని చుట్లో చూడండి, రెండూ సమానంగా రావాలి. స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి సూటిగా బిగించి వంకర దాచారేమో ఇక్కడ తెలిసిపోతుంది. ఈ మూడు పనులకూ కలిపి పావుగంట పట్టదు. వీటితోనే సగానికి సగం బండ్లను నేను పక్కన పెట్టేస్తాను.

రోడ్డు మీద నడిపే ముందు నాలుగు టైర్ల గాలి సరిచేయించండి, లివరు టూ హైలో (రెండు చక్రాలకే శక్తి అందే స్థానం) ఉందో లేదో చూడండి. ఈ బండ్లన్నిటిలో ఫోర్‌వీల్ అవసరమైనప్పుడు వేసుకునేదే. పొడి తారు మీద ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలకూ శక్తి అందే స్థానంలో, నడిపితే మలుపుల్లో స్టీరింగ్ బిగుసుకుంటుంది, దాన్ని అలైన్‌మెంట్ జబ్బని పొరబడతాం. బీచ్ రోడ్డు అందంగా ఉంటుంది గాని మనుషులు, మలుపులు ఎక్కువ, పరీక్షకు పనికిరాదు. ఆనందపురం దాటి అనకాపల్లి వైపు పోయే ఆరు వరుసల రహదారి బాగుంటుంది. మన రోడ్లు నీరు జారడానికి ఎడమ అంచుకు వాలుగా వేస్తారు, కాబట్టి స్టీరింగ్ మీద పట్టు సడలిస్తే బండి మెల్లగా ఎడమకు జరగడం సహజం. వాలుకు ఎదురెక్కి కుడికి లాగే బండిని మాత్రం గట్టిగా అనుమానించండి. బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగితే అది బ్రేకుల జబ్బు. ఎనభై దగ్గర స్టీరింగ్ వణికితే ముందు బ్యాలెన్సింగ్ చూడాలి. బండి లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి మళ్ళీ నడపండి. లాగే దిశ మారితే తప్పు టైరుది, కోణాలది కాదు. లోతైన గళ్ళున్న మడ్ టైర్లు వేసిన బండికి ఈ పరీక్ష తప్పకుండా చేయాలి.

వెంట ఇంకొకరు ఉంటే స్కూటరు మీద వెనకే రమ్మనండి. ముందు చక్రాల జాడలోనే వెనక చక్రాలు నడుస్తున్నాయా, బండి అడ్డంగా పోతున్నట్టు ఉందా, వెనక నుంచి చూసేవారికి బాగా తెలుస్తుంది. వాన వెలిసిన రోడ్డు మీద ఒక నీటి మడుగు సూటిగా దాటించి జాడలు చూసినా చాలు.

జాకీ పరీక్ష మెకానిక్ చేతుల మీదుగా జరగాలి. ముందు చక్రం గాల్లోకి లేపి గడియారంలో పన్నెండు, ఆరు ఉండే చోట్ల పట్టుకుని ఊపితే ఆట వస్తుందా? బాల్ జాయింటు, కింగ్ పిన్, చక్రం బేరింగు, వీటిలో ఒకటి. మూడు, తొమ్మిది దగ్గర పట్టుకుంటే ఆట వచ్చిందా? టై రాడ్ ఎండ్, స్టీరింగ్ బాక్స్. ఇలా ఆట ఉన్న బండిని యంత్రం ఎక్కించి లాభం లేదు, ఊగుతున్న పంటిని కొలిచినట్టే. మెకానిక్ బండి కిందనే ఉన్నప్పుడు స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట చాసిస్ మీద వెల్డింగ్ మచ్చ, పగులు ఉందేమో చూడమనండి. ఉంటే నా మటుకు అక్కడితో బేరం ముగిసినట్టే.

యంత్రం దగ్గర ఏమి అడగాలి

నగరంలో కెమెరాలతో కొలిచే త్రీడీ యంత్రాలు చాలాచోట్ల ఉన్నాయి. రుసుము బండి ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు. అమ్మేవాళ్ళు చెప్పిన షాపుకు వద్దు, మీరు ఎంచుకున్న చోటికి తీసుకెళ్ళండి. లోపలికి వెళ్ళగానే చెప్పాల్సిన మాట ఒక్కటే: ‘కొలవండి, నట్టు ముట్టుకోవద్దు, సర్దక ముందరి అంకెల ప్రింటు ఇవ్వండి.’ షాపువాళ్ళకు ఇది అలవాటు ఉండదు. వాళ్ళ చేయి ముందే టై రాడ్ మీదకు పోతుంది. పక్కనే నిలబడండి.

యంత్రంలో బండి మోడల్ సరిగ్గా ఎంచుకున్నారా చూడండి. పాత థార్‌కు కొత్త థార్ కొలతలు పెడితే రంగులకు అర్థం లేదు. చక్రాలకు యంత్రం పలకలు తగిలించాక బండిని కొంచెం ముందుకూ వెనక్కూ దొర్లించాలి, రిమ్ము వంకర లెక్కలోంచి పోవడానికి. ఆ తర్వాత చక్రాలను ఎడమకూ కుడికీ తిప్పి కాస్టర్ కొలవాలి. సమయం పడుతుందని చాలామంది ఈ ఆఖరి పని వదిలేస్తారు. గాజువాక బండి రిపోర్టులో కాస్టర్ గళ్ళు ఖాళీగా ఉన్నాయని నాకు ఇంటికి వచ్చి కాగితం మళ్ళీ చూసుకున్నప్పుడు గాని పట్టలేదు. చక్రం వెనక్కి జరిగిన బండిలో ముందు తెలిసేది అక్కడే.

ప్రింటు చేతికొచ్చాక రంగులు పక్కన పెట్టి ఎడమ, కుడి అంకెల మధ్య తేడా చూడండి. కంపెనీ ఇచ్చే హద్దులు విశాలంగా ఉంటాయి, రెండు వైపులూ విడివిడిగా ఆకుపచ్చలో ఉండి కూడా బండి లాగవచ్చు. కేంబర్‌లో గాని కాస్టర్‌లో గాని రెండువైపుల తేడా అర డిగ్రీ దాటకూడదన్నది మెకానిక్‌లు పాటించే లెక్క. కొన్ని యంత్రాలు నిమిషాల్లో చూపిస్తాయి, 60 నిమిషాలు ఒక డిగ్రీ, కాబట్టి అర డిగ్రీ అంటే 30 నిమిషాలు.

తర్వాత థ్రస్ట్ యాంగిల్. వెనక ఇరుసు బండిని ఏ దిశకు నెడుతోందో చెప్పే అంకె ఇది, సున్నాకు దగ్గరగా ఉండాలి. ఈ నాలుగు బండ్లకూ వెనక గట్టి ఇరుసే కనుక దీన్ని సర్దడానికి నట్టు ఉండదు. అంకె పెద్దదైతే కారణం వెతకాల్సిందే. కమాను కట్ట నడిమి బోల్టు, లింకు బుష్‌లు అయితే బాగుచేయించవచ్చు. ఇరుసో చాసిసో వంగితే వద్దు.

ఇంకొక అంకె చాలామంది చూడరు. స్టీరింగ్ అక్షం లోపలికి వాలే కోణం, దాన్ని కేంబర్‌తో కలిపితే వచ్చే మొత్తం. ఆ మొత్తం రెండువైపులా ఒకటే ఉండి కేంబర్ మాత్రం తేడాగా ఉంటే నకల్ (చక్రాన్ని చేతులకు కలిపే ఇనుప ముక్క) బాగానే ఉంది, పై చేతో కింది చేతో జరిగింది. మొత్తమే తేడాగా ఉంటే నకల్ వంగింది. కేంబర్ ఎంత చక్కగా సర్దినా ఈ తేడా పోదు, అందుకే దీన్ని నేను ఎక్కువ నమ్ముతాను. మీ షాపు యంత్రం ఈ అంకె చూపిస్తే తప్పక ప్రింటు అడగండి.

ఎవరికి ఏది

నెలకు రెండుసార్లు విజయవాడో హైదరాబాదో వెళ్ళే ఇంటికి, ఏడాదిలో నాలుగుసార్లు ఏజెన్సీ కొండలెక్కాలన్న సరదా ఉన్నవారికి కొత్త థార్ చెబుతాను. కంపెనీ రిమ్ములతో, ఎత్తు పెంచనిది దొరికేదాకా ఆగండి. బండి కింద పడుకుని గ్రీజు పెట్టుకోవడం ఇష్టమైనవారికి, దగ్గరలో నమ్మకమైన మేస్త్రి ఉన్నవారికి జిప్సీ. దానిలో పాడయ్యేవి చాలావరకు కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. మొదటిసారి ఫోర్‌వీల్ కొంటున్నవారికి, తనిఖీలో తికమక పడకూడదనుకునేవారికి మార్పులు చేయని జిమ్నీ. పాత థార్ మీద మనసు పడినవారిని నేను ఆపను, మా ఇంట్లోనే ఒకటి ఉంది. కాని పది బండ్లు చూడటానికి సిద్ధపడి వెతకాలి, టార్షన్ బార్ ముట్టుకోని బండినే ఎంచుకోవాలి.

ఒకే రకం బండ్లు రెండు ఎదురైనప్పుడు, నిన్న అలైన్‌మెంట్ చేయించి కొత్త టైర్లు వేసిన దానికన్నా, అరిగిన టైర్లతో, తుప్పు పట్టి ఎన్నాళ్ళుగానో ఎవరూ తిప్పని లాక్ నట్టుతో ఉన్న బండికే నేను ముందు వెళ్తాను. ఆ నట్టు విప్పడం కష్టమే, కానీ దాని చరిత్ర చెరిగిపోలేదు. బేరంలో టైర్ల ధర, మార్చాల్సిన ఎండ్లు, బుష్‌ల ధర కాగితం మీద రాసి ఆ మేరకు తగ్గించమనండి. లాగుతోంది కాబట్టి తగ్గించమంటే అమ్మేవాళ్ళు ఐదు వందల అలైన్‌మెంటుతో పోతుందంటారు, లెక్క రాసి చూపిస్తే వింటారు. నౌకాదళం, ఉక్కు కర్మాగారం ఉద్యోగులు బదిలీ మీద వెళ్తూ అమ్మే బండ్లు బాగా చూసుకున్నవి దొరుకుతాయి. తొందరలో ఉన్నారని మీరు యంత్రం పరీక్ష మానకండి, గంట సమయం ఎవరైనా ఇస్తారు. బండి వేరే రాష్ట్రం నంబరుదైతే ఎన్ఓసీ సంగతి బయానా ఇచ్చే ముందే తేల్చుకోండి.

కొన్న వారంలోనే సర్దే బోల్టులన్నీ ఒకసారి విప్పించి, శుభ్రం చేయించి, గ్రీజు రాయించి బిగించి, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించండి. ఉప్పుగాలి ఊళ్ళో ఇది ఏడాదికోసారి చేయించాల్సిన పని. ఇసుకలోకి దింపి వస్తే ఆ రోజే అడుగుభాగం మంచినీళ్ళతో కడగాలి.

మావాడు ఈ మధ్య వంజంగి వెళ్ళి వచ్చి ఫోన్ చేశాడు. “అన్నయ్యా, టేపు పెట్టాను, రెండువైపులా 2430 ఉంది. మర చుట్లు కూడా సమానమే. ఎడమ టై రాడ్ ఎండ్ బూటు మాత్రం చినిగింది” అన్నాడు. ఆ బూటు ఆదివారం దాకా ఆపకుండా మర్నాడే మార్పించమని చెప్పాను. దుమ్ము, ఉప్పు తడి లోపలికి దూరితే ఎండ్ ఎంతో కాలం నిలవదు.